ప్రాగ్ రాజమార్గం: రెండున్నర కిలోమీటర్లకు రెండు రోజులు

మూడేళ్ళ క్రితం ఒక ప్రయాణ సంస్థ బృందంతో ఐరోపా చూడడానికి వెళ్ళినప్పుడు ప్రాగ్ నగరానికి మాకు దక్కినది ఒక్క మధ్యాహ్నం. పాత పట్టణ కూడలిలో నలభై నిమిషాలు, చార్లెస్ వంతెన మీద ఇరవై నిమిషాలు కేటాయించారు. జెండా ఎత్తి పట్టుకున్న గైడు వెనుక పరుగులాంటి నడకతో అవి రెండూ ముగించి బస్సు ఎక్కాం. ఆ కూడలిలోని ఖగోళ గడియారం ముందు నిలబడి తల పైకెత్తేసరికి మమ్మల్ని కదలమన్నారు. ముప్పై రెండేళ్ళు కాకినాడలో పిల్లలకు లెక్కలు చెప్పిన దాన్ని. అంకెలతో, వృత్తాలతో నిండిన ఆ పలకను చదవకుండా వచ్చేయవలసి రావడం నాకు చాలాకాలం బాధగానే ఉండిపోయింది. అందుకే ఈ ఏప్రిల్‌లో డ్రెస్డెన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, మరే ఊరూ వద్దు, ప్రాగ్‌లో రెండు రోజులు నడుస్తాను చాలు అని అడిగాను. డ్రెస్డెన్ నుంచి రైలులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. దారి పొడవునా ఎక్కువ భాగం నది పక్కనే ఉంటుంది.

గైడు లేకుండా నడవాలనుకునేవారికి ప్రాగ్ ఒక సిద్ధమైన దారిని ఇస్తుంది. దానిని చెక్ భాషలో క్రాలోవ్‌స్కా త్సెస్టా అంటారు, అంటే రాజమార్గం. నేటి చెక్ దేశంలో ప్రధాన భాగమైన బొహీమియాను ఏలిన రాజులు పట్టాభిషేకానికి ఊరేగింపుగా వెళ్ళిన దారి అది. పాత పట్టణపు అంచున ఉన్న ప్రాష్నా బ్రానా దగ్గర మొదలై, కూడలి దాటి, వంతెన మీదుగా నది దాటి, కొండ ఎక్కి కోటలోని కెథడ్రల్ దగ్గర ముగుస్తుంది. చివరి పట్టాభిషేకం 1836లో జరిగింది. మొత్తం దూరం రెండున్నర కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, ఆగకుండా నడిస్తే ముప్పావు గంటలో అయిపోతుంది. నేను మొదటి రోజు పాత పట్టణం వైపు సగాన్ని, రెండో రోజు తెల్లవారుజామున వంతెనతో మొదలుపెట్టి రెండో సగాన్ని చూశాను. అంతా అయ్యాక కూడా రెండు రోజులు ఎక్కువని నాకు అనిపించలేదు.

ప్రాష్నా బ్రానా అంటే తుపాకిమందు ద్వారం. దీనికి 1475లో రాజు రెండో వ్లాదిస్లావ్ శంకుస్థాపన చేశాడు. అప్పట్లో రాజుల నివాసం కొండ మీద కాక ఈ ద్వారం పక్కనే ఉండేది, అందుకే ఊరేగింపు ఇక్కడ మొదలయ్యేది. అయితే కొన్నేళ్ళకే పట్టణంలో అల్లర్లు చెలరేగి, రాజు తన నివాసాన్ని కొండ మీది కోటకు మార్చుకున్నాడు. ద్వారం పని సగంలో ఆగిపోయింది. తర్వాత దానిని తుపాకిమందు నిలవ చేయడానికి వాడారు, ఆ పేరే మిగిలింది. ఈ రోజు మనకు కనిపించే శిఖరం, శిల్పాలు చాలావరకు 19వ శతాబ్దం చివర బాగుచేసినప్పుడు చేర్చినవి. పక్కనే, ఒకప్పటి రాజనివాసం ఉన్న చోట, 1905-1912 మధ్య కట్టిన పురపాలక భవనం ఉంది. 1918 అక్టోబరు 28న చెకోస్లొవేకియా స్వాతంత్ర్యాన్ని ప్రకటించినది ఆ భవనంలోనే. రాజుల ఊరేగింపు బయలుదేరిన స్థలం నుంచే రాజులు లేని దేశం బయలుదేరిందన్నమాట.

ఇక్కడ నుంచి కూడలికి వెళ్ళే వీధి పేరు త్సెలెట్నా. మధ్యయుగాలలో ఈ వీధిలో కాల్చి అమ్మిన, జడలా అల్లిన ఒక రకం రొట్టె పేరు నుంచి ఆ పేరు వచ్చింది. ఈ వీధిలో ఒక మలుపు దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. యోసెఫ్ గోచార్ అనే వాస్తుశిల్పి 1911-12లో కట్టిన నల్ల మేరీమాత ఇల్లు అక్కడ ఉంది. చిత్రకళలో క్యూబిజం గురించి చాలామంది విని ఉంటారు. ఆ పద్ధతిలో ఇళ్ళు కట్టిన దేశంగా ప్రత్యేకంగా చెప్పుకోవలసినది చెక్ దేశమే. కిటికీలు, పైకప్పు, తలుపు అన్నీ కోణాలుగా విరిగి ఉంటాయి. అంత కొత్త పద్ధతి ఇంటి మూలలో, చిన్న బంగారు రంగు పంజరంలో, అంతకుముందు అక్కడ ఉన్న పాత ఇంటి నల్ల మేరీమాత బొమ్మను జాగ్రత్తగా నిలబెట్టారు. కొత్త ఇల్లు కట్టుకుంటూ పాత ఇంటి గడప మీది బొమ్మను తెచ్చి పెట్టుకున్నట్టుగా ఉంది. నాకు ఆ ఇంటి మీద గౌరవం కలిగింది.

పాత పట్టణ కూడలికి ఉదయం ఏడున్నరకే చేరుకున్నాం. ఈ సమయంలో అక్కడ పాలు, రొట్టెలు దింపే బళ్ళు, రాళ్ళు కడిగే పారిశుద్ధ్య కార్మికులు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. వచ్చిన ప్రతివారూ మొదట తల పైకెత్తి టీన్ చర్చి జంట శిఖరాలను చూస్తారు. నేను తల దించి నేలను చూడమంటాను. పాత పురపాలక భవనం తూర్పు గోడ పక్కన, నల్లని చిన్న రాళ్ళ మధ్య తెల్లని రాళ్ళతో పరిచిన ఇరవై ఏడు శిలువ గుర్తులు ఉన్నాయి. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి మీద తిరుగుబాటు చేసిన బొహీమియా ప్రముఖులలో 27 మందికి 1621 జూన్ 21న ఇక్కడే మరణశిక్ష అమలు చేశారు. 24 మందిని కత్తితో, ముగ్గురిని ఉరితో. పన్నెండు తలలను తీసుకువెళ్ళి వంతెన ద్వారం మీద పదేళ్ళ పాటు వేలాడదీశారు. నేను ఆ శిలువలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. వాటి మీదుగా ఒక సైకిలు వెళ్ళింది, తర్వాత ఒక తల్లి పిల్లవాడి బండిని తోసుకుంటూ వెళ్ళింది. కంచె లేదు, కాపలా లేదు. ఊరివాళ్ళు ప్రతిరోజూ నడిచే నేలలోనే ఆ జ్ఞాపకాన్ని పరిచి ఉంచారు.

ఆ ఇరవై ఏడు మందిలో యాన్ యెసెనియస్ అనే వైద్యుడు ఒకడు. ఆయన 1600లో ప్రాగ్‌లో అందరి ఎదుట మానవ దేహాన్ని కోసి అవయవాల పొందికను వివరించాడు. మరుసటి సంవత్సరం ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహే ఈ నగరంలోనే మరణించినప్పుడు, టీన్ చర్చిలో జరిగిన అంత్యక్రియలలో సంస్మరణ ప్రసంగం చేసినది కూడా ఆయనే. టైకో సమాధి ఇప్పటికీ ఆ చర్చిలో ఉంది. దాని ముందు నిలబడి, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ప్రసంగం చేసిన మనిషిని ఈ చర్చి ఎదుటి కూడలిలోనే నరికారని గుర్తు తెచ్చుకుంటే, చర్చి గుమ్మం నుంచి ఆ తెల్ల శిలువల దాకా ఉన్న ఆ కొద్ది అడుగుల దూరం నడవడం కష్టంగా అనిపించింది.

కూడలిలోని ఈ పాత పురపాలక భవనానికి ఒక పక్క చెట్లు, బెంచీలు ఉన్న ఖాళీ స్థలం కనిపిస్తుంది. అది తోట కోసం వదిలినది కాదు. 1945 మే నెలలో, యుద్ధం ముగిసే చివరి రోజుల్లో, భవనంలోని ఆ భాగం కాలిపోయింది. దాని స్థానంలో ఏమి కట్టాలని ఎన్నోసార్లు పోటీలు పెట్టి కూడా నేటి వరకు ఏదీ కట్టలేదు. గోడ అంచు తెగిపోయిన చోటు స్పష్టంగా కనిపిస్తుంది. నాకైతే దానిని అలాగే ఉంచడమే మంచిదనిపించింది.

ఇక గడియారం. నేను తిరిగి వచ్చినది ప్రధానంగా దీనికోసమే, అందుకని దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. 1410లో కాదాన్ ఊరికి చెందిన మికులాష్ అనే గడియారాల పనివాడు దీనిని తయారు చేశాడు, లెక్కలలో యాన్ షిండెల్ అనే పండితుడు సాయపడ్డాడు. హనూష్ అనే నిపుణుడు దీనిని చేశాడని, మరో ఊరికి ఇలాంటిది చేయకుండా అతని కళ్ళు పొడిపించారని ఒక కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. గుడి కట్టిన శిల్పి చేతులు నరికించారన్న కథలు మన దేశంలోనూ చాలాచోట్ల వినిపిస్తాయి. గొప్ప పనిని చూసినప్పుడు దాని వెనుక ఒక క్రూరుడైన రాజును ఊహించుకోవడం లోకమంతటా ఉన్న అలవాటేమో.

గంట కొట్టినప్పుడు పైన రెండు కిటికీలలో ఏసు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు తిరుగుతాయి, పక్కన అస్థిపంజరం ఒక చేత్తో తాడు లాగుతుంది, చివరికి కోడి కూస్తుంది. ఇది ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు వరకు ప్రతి గంటకూ జరుగుతుంది. గుంపు దానికోసమే చేరుతుంది, ఒక నిమిషం కాగానే విడిపోతుంది. ఆ గుంపు విడిపోయిన తర్వాతే గడియారాన్ని చదవాలి.

పై పలక మధ్యలో భూమి ఉంటుంది. పైభాగంలో నీలం రంగు పగటి ఆకాశం, అడుగున నల్లని గుండ్రం రాత్రి, ఆ రెంటి మధ్య ఎర్రని భాగాలు ఉదయ సంధ్య, సాయం సంధ్య. బంగారు చేయి మీద సూర్యబింబం జరుగుతూ ఉంటుంది. రోమన్ అంకెలు మన వాడుకలోని గంటలను చూపుతాయి. వాటి బయట ఉన్న నల్లని వలయంలోని బంగారు అంకెలు పాత చెక్ కాలాన్ని చూపుతాయి. అది సూర్యాస్తమయంతో మొదలై ఇరవై నాలుగు గంటలు లెక్కిస్తుంది. అస్తమయం రోజూ మారుతుంది కాబట్టి ఆ వలయం కూడా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది. ఇక నీలం భాగంలో వంపు తిరిగిన బంగారు గీతలు పగటిని, అది ఎంత పొడుగైనా సరే, సరిగ్గా పన్నెండు భాగాలు చేస్తాయి. అంటే ఆ గంటకు నిలకడైన నిడివి లేదు. నేను వెళ్ళిన రోజున అది సుమారు 72 నిమిషాలు. ప్రాగ్‌లో జూన్‌లో 80 నిమిషాలు దాటుతుంది, డిసెంబరులో 40 దగ్గరికి దిగుతుంది.

పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవారికి ఇందులో వింత ఏమీ తోచదు. పగటిని పన్నెండు హోరలు చేయడం, ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం చెప్పడం, పదిహేను భాగాలు చేసి దుర్ముహూర్తం గుర్తించడం అన్నీ ఇదే పద్ధతి. హోర అన్న మాట కూడా గ్రీకుల నుంచి మనకు వచ్చినదే. కాకినాడలో ఏడాది మొత్తం మీద ఆ హోర నిడివి 55 నిమిషాలకూ 66కూ మధ్య మారుతుంది కాబట్టి మనం గంటన్నర రాహుకాలం అని గుండుగుత్తగా చెప్పుకున్నా పెద్ద తప్పు రాదు. ఉత్తరాన ఉన్న ఈ ఊరిలో ఆ సదుపాయం లేదు, అందుకే ఆ తేడాను యంత్రంలోనే పెట్టవలసి వచ్చింది. రాశిచక్రపు వలయం మీద ఆ రోజు సూర్యుడు వృషభంలో ఉన్నాడు. కాకినాడలో మా గోడ మీది క్యాలెండరులో మాత్రం మేషంలోనే ఉన్నాడు. వాళ్ళది విషువత్తు నుంచి లెక్కించే సాయన పద్ధతి, మనది నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయన పద్ధతి. ఆ రెంటి మధ్య ఇరవై నాలుగు డిగ్రీల తేడా ఉంది, దాన్నే అయనాంశ అంటారు. అమ్మాయికి దీనిని రాళ్ళ మీద వేలితో గీసి చూపిస్తుంటే, పక్కన నిలబడిన ఇద్దరు విద్యార్థులు కూడా ఆగి విన్నారు.

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆనందపరచినది పలక వెనుక ఉన్న లెక్క. లోపల ఒకే పరిమాణంలో మూడు పెద్ద పళ్ళ చక్రాలు ఉన్నాయి. ఒకదానికి 365 పళ్ళు, ఒకదానికి 366, ఒకదానికి 379. మొదటిది రాశిచక్రాన్ని, రెండోది సూర్యుణ్ణి, మూడోది చంద్రుణ్ణి తిప్పుతాయి. మూడింటినీ ఒకే రకం చిన్న పళ్ళ చక్రాలు తోస్తాయి కాబట్టి పళ్ళు తక్కువున్నది వేగంగా తిరుగుతుంది. సూర్యుడి చక్రానికి ఒక చుట్టు ఇరవై నాలుగు గంటలు అనుకుంటే, రాశిచక్రం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో తిరుగుతుంది. అది అచ్చంగా నక్షత్ర దినం, అంటే ఒక నక్షత్రం తిరిగి ఆకాశంలో అదే చోటికి రావడానికి పట్టే సమయం. చంద్రుడి చక్రానికి 24 గంటల 51 నిమిషాలు పడుతుంది. నిజానికి కావలసినది 24 గంటల 50 నిమిషాల 28 సెకన్లు. చంద్రుడు రోజుకు రెండు ఘడియలు ఆలస్యంగా వస్తాడని మా అమ్మమ్మ చెప్పేది, అంటే 48 నిమిషాలు. కేవలం పళ్ళ సంఖ్యను ఎంచుకోవడంతో ఆకాశాన్ని ఇంత దగ్గరగా పట్టుకున్న మనుషులను తలచుకుని నేను ఆ గోడ ఎదుట చాలాసేపు కదలలేదు. “అమ్మా, తొమ్మిది, పది, పదకొండు అన్నీ ఇక్కడే కొట్టించావు, కాస్త కూర్చో,” అని అమ్మాయి అంటే, “నువ్వు వెళ్ళి కాఫీ తాగి రావే, నేను ఎక్కడికీ పోను,” అన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు నాకు ఆ కూడలిలోనే మరో పని ఉంది. అక్కడ మేరీమాత స్తంభం ఒకటి ఉంది. 1650లో నిలబెట్టారు, 1918 నవంబరులో స్వాతంత్ర్యం వచ్చిన ఉత్సాహంలో దానిని హాబ్స్‌బర్గ్ పాలనకు గుర్తుగా భావించి జనం పడగొట్టారు, 2020లో దాని నమూనాను మళ్ళీ నిలబెట్టారు. ఆ స్తంభం నీడ ఒకప్పుడు ఊరికి మధ్యాహ్నం చెప్పేది. నీడ పడే ఆ రేఖ వెంట నేలలో ఒక లోహపు పట్టీని పరిచి, ప్రాగ్ కాలాన్ని నడిపిన మధ్యాహ్న రేఖ ఇదని లాటిన్‌లోను, చెక్‌లోను రాశారు. నేను ఆ పట్టీ పక్కన నిలబడి చేతి గడియారం చూసుకున్నాను. వేసవి కాలమానంలో ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి వారి ఒంటిగంట నిజానికి పన్నెండు. ముల్లు ఒంటిగంట చేరుతుండగా నీడ ఆ పట్టీ వెంట వచ్చి నిలిచింది. దీనికి కారణం ఉంది. మధ్య ఐరోపా కాలానికి ఆధారం 15 డిగ్రీల తూర్పు రేఖాంశం. ప్రాగ్ 14 డిగ్రీల 25 నిమిషాల మీద ఉంది. అందువల్ల ఇక్కడ సూర్యుడి మధ్యాహ్నానికీ గడియారపు మధ్యాహ్నానికీ సగటున రెండు నిమిషాల చిల్లర తేడా మాత్రమే. మన దేశపు కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ పక్కగా పోతుందని తరగతిలో ఎన్నో వందలసార్లు చెప్పాను. అక్కడా ఇంతే, తేడా సగటున ఒక్క నిమిషం. సూర్యుడూ గడియారమూ దాదాపు ఒకే మాట చెప్పే ఊరి నుంచి వచ్చి అలాంటి మరో ఊరిలో నిలబడ్డానని తెలిసినప్పుడు, ఈ నగరం నాకు పరాయిది అనిపించడం మానేసింది.

కూడలి నుంచి వంతెనకు వెళ్ళే కార్లోవా వీధి ఇరుకుగా, వంకర్లు తిరుగుతూ ఉంటుంది. రెండు పక్కలా జ్ఞాపికల దుకాణాలే. ఇక్కడ చాలామంది వేగంగా నడుస్తారు, నడవవచ్చు కూడా. కానీ నాలుగో నంబరు ఇంటి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. యోహానెస్ కెప్లర్ 1607 నుంచి 1612 వరకు ఆ ఇంట్లో ఉన్నాడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాలలో తిరుగుతాయని చెప్పిన ఆయన గ్రంథం 1609లో వెలువడింది. భూమిని మధ్యలో పెట్టుకొని తిరిగే ఆ గడియారానికీ ఈ ఇంటికీ నడక దూరం అయిదారు నిమిషాలు. ఎదురుగా ఉన్న పెద్ద భవన సముదాయం క్లెమెంటినం. జెసూట్ గురువులు నడిపిన ఆ విద్యాలయంలో 1775 నుంచి నేటి వరకు రోజూ వాతావరణ కొలతలు తీసుకుంటూనే ఉన్నారు.

మొదటి రోజు నడక వంతెన ద్వారం దగ్గర ముగించాను. ఆ రాత్రి కాళ్ళు గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పెట్టుకుంటే గాని నిద్ర పట్టలేదు. వెళ్ళదలచినవారికి ఒక మాట: ఆ వీధులన్నీ చిన్న చిన్న చదరపు రాళ్ళు పరిచినవి, అడుగు మెత్తగా ఉండే మంచి బూట్లు వేసుకోండి, చెప్పులు పనికిరావు. అక్కడ చెలామణీ అయ్యేది యూరో కాదు, కొరూనా.

రెండో రోజు ఆరు గంటలు కాకముందే వంతెన మీద ఉన్నాం. అప్పుడే సూర్యుడు పాత పట్టణం వెనుక నుంచి లేస్తున్నాడు. నాలుగో చార్లెస్ ఈ వంతెనకు 1357లో పునాది వేయించాడు. అంతకుముందున్న వంతెనను 1342 వరద కొట్టుకుపోయింది. పొడవు 516 మీటర్లు, పదహారు కమానులు. పునాది రాయి వేసిన ముహూర్తం 1357, తొమ్మిదో తేదీ, ఏడో నెల, అయిదు గంటల ముప్పై ఒక్క నిమిషం అని చెబుతారు. వరుసగా రాస్తే 135797531. ఎటు నుంచి చదివినా ఒకటే, అన్నీ బేసి అంకెలే. ఆ గంటా నిమిషం పాత పత్రాలలో లేవు, తర్వాతి పరిశోధకుల ఊహ అది. అయినా చార్లెస్ కాలంలో రాజులు జ్యోతిష్కులను అడగకుండా పునాది రాయి వేయరని తెలిసిన మనకు, ముహూర్తం పెట్టుకొని ఉంటారన్న సంగతి మాత్రం నమ్మదగినదే.

వంతెనకు రెండు వైపులా ముప్పై విగ్రహాలు ఉన్నాయి. చాలావాటి అసలు విగ్రహాలను మ్యూజియంలో భద్రపరచి ఇక్కడ నమూనాలు పెట్టారు. వాటిలో అన్నింటికన్నా పాతది 1683 నాటి యాన్ నెపోముక్ కంచు విగ్రహం. 1393లో రాజు నాలుగో వెన్సెస్లాస్ ఈ మతాధికారిని వంతెన మీద నుంచి నదిలోకి తోయించాడు. ఒక మఠాధిపతి నియామకంలో వచ్చిన తగాదా దానికి కారణం. రాణి తన పాపాలు చెప్పుకున్న మాటలను బయటపెట్టడానికి నిరాకరించినందుకని తర్వాత కథ అల్లుకుంది. పీఠం మీది పలకలలో జనం చేయి తగిలే చోట్లు మాత్రం బంగారంలా మెరుస్తాయి, మిగతా కంచు అంతా నల్లబడింది. ఒక పలకలో పడిపోతున్న నెపోముక్ బొమ్మ, మరో పలకలో ఒక సిపాయి పక్కన ఉన్న కుక్క బొమ్మ ఇలా మెరుస్తున్నాయి. మా ఊరి గుడిలో నంది మూపురం కూడా ఇలాగే, చేతులు తగిలి తగిలి నునుపుదేరి ఉంటుంది. ఆ ఉదయం రొట్టెల సంచీ పట్టుకున్న ఒక ముసలాయన నడక ఆపకుండానే, అటువైపు చూడకుండానే ఆ పలకను తాకి వెళ్ళిపోయాడు. అరగంటలో నేను చూసిన పదిమందిలో నాకు గుర్తుండిపోయినది ఆయనే.

వంతెన దిగి, కోట కొండ కింద ఉన్న మాలా స్ట్రానా అనే పేటలోకి వెళితే దారి ఎత్తెక్కడం మొదలవుతుంది. సెయింట్ నికొలస్ చర్చి పెద్ద గుమ్మటం కింద నుంచి సాగి నెరుడోవా వీధి పట్టుకోవాలి. 1770లో మరియా థెరీసా పాలనలో ఇళ్ళకు నంబర్లు ఇచ్చేవరకు ఇక్కడ ఇళ్ళను తలుపు పైనున్న బొమ్మతో గుర్తుపట్టేవారు. మూడు ఫిడేళ్ళ ఇల్లు, బంగారు తాళంచెవి ఇల్లు, ఎర్ర గొర్రెపిల్ల ఇల్లు, ఇలా నడుస్తూ వెతుక్కోవడం పిల్లలతో వెళ్ళినవారికి మంచి ఆట అవుతుంది. ఇప్పుడు ప్రతి ఇంటికీ ఒక ఎర్ర పలక, ఒక నీలం పలక ఉన్నాయి. ఎర్రది ఆ పేటలో ఇల్లు నమోదైన క్రమాన్ని, నీలంది వీధిలో వరుసను చెబుతుంది. పాత డోరు నంబరు, కొత్త డోరు నంబరు అని మనం రెండూ రాసుకుంటాం కదా, అలా. వీధి పైభాగాన రెండు సూర్యుల గుర్తు ఉన్న ఇంట్లో యాన్ నెరుడా అనే చెక్ రచయిత నివసించాడు, వీధి పేరు ఆయనదే. మన కవులు ఎంతో ఇష్టంగా అనువదించుకున్న చిలీ కవి పాబ్లో నెరుడా తన కలం పేరును ఈయన నుంచే తీసుకున్నాడని చాలామంది చెబుతారు. మోకాళ్ళ నొప్పులున్నవారు ఈ ఎత్తు ఎక్కనక్కర లేదు, 22వ నంబరు ట్రాము కోట పైభాగం దాకా తీసుకువెళుతుంది.

కోట ఆవరణలలో తిరగడానికి టికెట్ లేదు. లోపలి భవనాలకు టికెట్ కొనాలి. 9వ శతాబ్దం చివరలో మొదలైన ఈ కోట ఒక్క భవనం కాదు, ఒక చిన్న ఊరు. అందులో అన్నింటినీ చూడాలని ప్రయత్నించలేదు. సెయింట్ వీటస్ కెథడ్రల్ చూశాను, పాత రాజభవనం చూశాను.

కెథడ్రల్ పని 1344లో మొదలై 1929లో ముగిసింది. పడమటి ద్వారం దగ్గర తల వెనక్కి వాల్చి చూసే జంట శిఖరాలను అందరూ మధ్యయుగానివనుకుంటారు. అవి వచ్చినది చివరికి. గర్భాలయం ఉన్న తూర్పు భాగమే 14వ శతాబ్దపుది. అర్రాస్ నగరపు మథియాస్ మొదలుపెట్టి కన్నుమూస్తే, ఇరవై మూడేళ్ళ వయసులో పీటర్ పార్లర్ వచ్చి అందుకున్నాడు. ఆ తర్వాత యుద్ధాలు, అగ్నిప్రమాదాలు, డబ్బు లేమి వచ్చి పని శతాబ్దాల పాటు నిలిచిపోయింది. కాబట్టి పడమటి ద్వారంలో లోపలికి అడుగుపెట్టి తిన్నగా నడిచేవారు 20వ శతాబ్దంలో బయలుదేరి 14వ శతాబ్దానికి చేరుకుంటారు. ఎడమ వైపు మూడో కిటికీలో అల్ఫాన్స్ మూహా 1931లో రూపొందించిన రంగుటద్దాల చిత్రం ఉంది. నీలం, ఆకుపచ్చ, మధ్యలో బంగారు పసుపు. దాన్ని దాటి కుడివైపు నాలుగు అడుగులు వేస్తే, గోడలనిండా మెరుగుపెట్టిన రంగురాళ్ళు పొదిగిన సెయింట్ వెన్సెస్లాస్ ప్రార్థనాలయం. అందులోని ఒక తలుపు వెనుక మార్గంలో ఏడు తాళాలున్న గదిలో బొహీమియా కిరీటం ఉంది. ఆ ఏడు తాళంచెవులు ఏడుగురి దగ్గర ఉంటాయి. దేశాధ్యక్షుడు, ప్రధాని, ఆర్చిబిషప్ వారిలో ఉన్నారు. రాజమార్గం నిజంగా చేరేది ఆ కిరీటం దగ్గరికే.

నేను మాత్రం మరో గది దాకా నడిచాను. పాత రాజభవనంలో 62 మీటర్ల పొడవున్న వ్లాదిస్లావ్ సభామందిరం ఉంది. గుర్రాల మీద రౌతులు పోటీలకు నేరుగా ఎక్కి రావడానికి వాలుగా కట్టిన మెట్లు కూడా ఉన్నాయి. ఆ మందిరం పక్క గదిలో ఒక మామూలు కిటికీ. 1618 మే 23న తిరుగుబాటుదారులు చక్రవర్తి ప్రతినిధులిద్దరినీ, వారి కార్యదర్శినీ ఆ కిటికీలోంచి బయటకు తోశారు. ముగ్గురూ బతికారు. కానీ దానితో మొదలైన యుద్ధం ఐరోపాను ముప్పై ఏళ్ళు కాల్చింది. రెండేళ్ళకు, 1620 నవంబరులో, ఊరి అంచున ఉన్న తెల్లకొండ దగ్గర బొహీమియా సేన ఓడిపోయింది. ఆ మరుసటి జూన్‌లోనే ఆ ఇరవై ఏడు మంది కూడలికి వచ్చారు, యెసెనియస్‌తో సహా.

సభామందిరం దక్షిణం వైపు ఒక వసారా ఉంది. అక్కడ నుంచి నది, వంతెన, దాని అవతల పాత పట్టణపు ఎర్ర పెంకుల కప్పులు కనిపిస్తాయి. అమ్మాయి చేయి చాచి, “అదిగో అమ్మా, టీన్ చర్చి,” అని జంట శిఖరాలను చూపించింది. వాటి పక్కన, ఇంత దూరానికి కనిపించకుండా, నిన్న ఉదయం నేను లెక్కపెట్టిన తెల్ల శిలువలు ఉన్నాయి. గడియారం చూసుకుంటే పన్నెండు కావడానికి పది నిమిషాలుంది. అక్కడ స్తంభం నీడ రేఖను చేరడానికి ఇంకా గంట పైన పడుతుంది. మేము వసారా గోడకు ఆనుకొని, సంచీలోంచి పులిహోర డబ్బా తీసుకున్నాం.